పాదం అడిగితే బాట బదులు పలకాలి

మహబూబ్‌నగర్ శివార్లలోని మా మద్రసాలో ఖుర్ఆన్ కంఠస్థం చేసిన ఒక విద్యార్థి ఉన్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. ముప్ఫై భాగాలనూ చెవులతో విని, గుండెలో భద్రపరచుకున్నాడు. మేము ఎక్కడ ఆపినా అక్కడి నుంచి తడబాటు లేకుండా అందుకుంటాడు. కాని హాస్టల్ గది నుంచి మస్జిద్‌కు రావాలంటే చిన్న తరగతి పిల్లవాడి భుజంపై చేయి వేయవలసిందే. ఆ పిల్లవాడు జ్వరంతో పడుకున్న రోజున ఇతడు అజాన్ వింటూ గుమ్మంలోనే నిలబడిపోతాడు.

ఒకరోజు అసర్ నమాజు తరువాత అతను మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "హజ్రత్! తొడుక్కుంటే పాదానికి దారి చెప్పే బూట్లు మన సికింద్రాబాద్‌లోనే తయారయ్యాయట కదా. అవి ఉంటే నేను ఒక్కణ్ణే బస్టాండుకు పోయి హైదరాబాద్ బస్సు ఎక్కగలనా?" అని అడిగాడు.

మా దగ్గర జవాబు లేదు. కనుక్కుని చెబుతామన్నాము. నలభై ఏళ్ళుగా కితాబుల మధ్య గడిపిన మాకు యంత్రాల సంగతి కొత్త. తెలిసినవారిని అడిగాము, చదివాము. చదివేకొద్దీ ఒక విషయం స్పష్టమైంది. ఆ ప్రశ్నలో సగానికే బూట్లు జవాబు చెప్పగలవు. మిగతా సగానికి జవాబు చెప్పవలసింది మనం.

సికింద్రాబాద్ పాదరక్షల కథ

అనిరుధ్ శర్మ అనే యువ ఇంజినీరు 2011లో ఒక బూటు లోపల చిన్న చిన్న కంపన యంత్రాలను అమర్చి, దాన్ని ఫోనుతో అనుసంధానించి చూశారు. దానికి 'లేచల్' అని పేరు పెట్టారు. 'వెంట తీసుకెళ్ళు' అని ఆ హిందీ మాటకు అర్థం. క్రిస్పియన్ లారెన్స్‌తో కలిసి ఆయన స్థాపించిన డ్యూసెర్ టెక్నాలజీస్ అనే సంస్థ సికింద్రాబాద్ కేంద్రంగా ఈ ఆలోచనను అమ్మకపు వస్తువుగా మార్చింది. 2014లో ఈ పాదరక్షలు ప్రపంచ పత్రికలకు ఎక్కాయి. చూపు లేనివారికి ఇవి ఎంతవరకు ఉపయోగపడతాయో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరీక్షలు జరిపింది. మన ప్రాంతంలో నాగర్‌కర్నూల్ దగ్గరి తూడుకుర్తిలో కంటి ఆసుపత్రి నడుపుతున్నది ఈ సంస్థే.

ఇవి పనిచేసే తీరు సులభంగానే అర్థమవుతుంది. ఎక్కడికి పోవాలో ఫోనులో ముందుగా చెప్పాలి. ఫోను ఉపగ్రహాల సంకేతాలతో మనం ఉన్న చోటును గుర్తించి, పటంతో సరిచూసుకుంటుంది. మలుపు దగ్గర పడగానే బ్లూటూత్ ద్వారా బూటుకు కబురు పంపుతుంది. కుడివైపు తిరగాలంటే కుడి పాదం కింద, ఎడమవైపు తిరగాలంటే ఎడమ పాదం కింద వైబ్రేషన్ వస్తుంది. అటు తిరిగితే చాలు. ఫోనును చేత పట్టుకోనక్కరలేదు, చెవిలో ఏమీ పెట్టుకోనక్కరలేదు.

చెవిని ఖాళీగా వదిలేయడమే ఇందులోని అసలు మేలు. చూపు లేనివాడికి వీధిలో చెవులే కళ్ళు. వెనుక నుంచి వచ్చే ఆటో, పక్కనే తెరుచుకునే కారు తలుపు, ఎదురుగా వచ్చే ఎద్దుబండి అన్నీ అతనికి చెవి ద్వారానే తెలియాలి. ఆ చెవిలో యంత్రం మాటలు నింపితే ఒక సాయం చేసి మరొక సాయాన్ని లాక్కున్నట్లవుతుంది.

అల్లాహ్ చర్మంలో ఉంచిన వినికిడి

మన చర్మం లోపలి పొరల్లో ఉల్లిగడ్డ పొరల వంటి నిర్మాణం గల సూక్ష్మమైన గ్రాహకాలు ఉంటాయి. వైద్యులు వాటిని పాచీనియన్ కార్పసల్స్ అంటారు. సెకనుకు 200 నుంచి 300 సార్లు అదిరే కంపనాన్ని అవి చాలా తేలికగా పసిగడతాయి. అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ అవి ఉన్నాయి. జేబులోని ఫోను మోగకుండా అదిరితే మనకు తెలియడానికి కారణం అవే. ఫోనులో అదిరే భాగం కూడా సామాన్యమైనదే. కొన్ని ఫోన్లలో చిన్న మోటారు ఇరుసుకు ఒక పక్కకు ఒరిగిన బరువు తగిలిస్తారు. అది తిరిగినప్పుడు తూకం తప్పి అంతా అదురుతుంది.

1969లో పాల్ బాక్ ఇ రీటా అనే శాస్త్రవేత్త ఒక కుర్చీ వీపు భాగంలో 400 కంపన మొనలు అమర్చి, కెమెరా చూసిన దృశ్యాన్ని వాటి ద్వారా అంధుల వీపుపైకి పంపారు. శిక్షణ పొందిన తరువాత వారు ఎదుట ఉన్న వస్తువులను గుర్తించగలిగారు. అంతకు ఆరు శతాబ్దాల ముందే బాగ్దాద్ విద్వాంసుడు జైనుద్దీన్ ఆమిదీ చూపు కోల్పోయినప్పటికీ తన గ్రంథాలయంలోని ప్రతి గ్రంథాన్నీ చేత్తో తడిమి గుర్తుపట్టేవారు. ప్రతి గ్రంథం అట్ట లోపల కాగితాన్ని పేని అక్షరాల ఆకారంలో అతికించి, దాని వెలను వేళ్ళతో తెలుసుకునేవారు. అంధులైన విద్వాంసుల జీవితాలను ఒక గ్రంథంగా కూర్చిన సఫదీ ఈ విషయాన్ని నమోదు చేశారు. లూయీ బ్రెయిల్ తన చుక్కల లిపిని రూపొందించినది 1824లో.

స్పర్శతో నేర్చుకునే శక్తి అల్లాహ్ మనిషికి ఇచ్చిన వరం. యంత్రం దానికి ఒక కొత్త ద్వారం తెరిచింది, అంతే.

బూటు ఎక్కడ ఆగిపోతుంది?

అయితే మా విద్యార్థి ప్రశ్నకు ఇంకా జవాబు దొరకలేదు. ఆకాశం తెరిపిగా ఉన్నచోట కూడా ఫోను చూపే స్థానంలో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. ఎత్తైన కట్టడాల మధ్య ఆ తేడా పెరుగుతుంది. బస్టాండు పైకప్పు కింద మరింత తడబడుతుంది. కళ్ళున్నవాడికి అయిదు మీటర్లు లెక్కలోనిది కాదు. చూపు లేనివాడికి అయిదు మీటర్ల తేడా అంటే కాలిబాటకూ లారీకీ మధ్య ఉన్న తేడా.

పటంలో వీధి ఉంటుంది. వీధిలో మూత లేని మురికికాలువ ఉండదు. నిన్న రాత్రి ఎవరో పోసిన కంకర కుప్ప, దుకాణం ముందుకు వేసిన బల్ల, తల ఎత్తులో వేలాడే తీగ అందులో ఉండవు. వీటికోసం ఢిల్లీ ఐఐటీ పరిశోధకులు 'స్మార్ట్‌కేన్' అనే పరికరాన్ని తయారుచేశారు. 2014లో విడుదలైన ఆ పరికరాన్ని తెల్లకర్రకు తగిలిస్తే, గబ్బిలం వలె వినబడని శబ్దతరంగాలను పంపి, మోకాలు నుంచి తల వరకు మూడు మీటర్ల లోపల ఉన్న అడ్డంకిని చేతికి అదురు ద్వారా తెలుపుతుంది. అడ్డంకి దగ్గరపడేకొద్దీ అదురు తీరు మారుతుంది. గోతిని మాత్రం కర్ర మొనతోనే వెతుక్కోవాలి.

ఈ పరికరాలు ఎంత మంచివైనా ఒంటి మీద ఉండేవే. అవి అడగగలవు. ఎదుటి నుంచి బదులు రావాలంటే ఆ చోటు కూడా పలకాలి.

బదులు పలికే చోట్లు

జపాన్‌లోని ఒకాయామా నగరంలో సెయిచి మియాకే అనే వ్యక్తి చూపు తగ్గుతున్న తన మిత్రుడి కోసం ఉబ్బెత్తు చుక్కల పలకలను రూపొందించారు. 1967 మార్చి 18న అక్కడి అంధుల పాఠశాల సమీపంలోని వీధిలో వాటిని తొలిసారి పరిచారు. నిలువు గీతల పలక ఉంటే నడవమని, చుక్కల పలక ఉంటే ఆగి జాగ్రత్తపడమని అర్థం. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో మన కాళ్ళ కింద కనబడే గీతల, చుక్కల పలకలు అక్కడి నుంచి వచ్చినవే. చాలామంది వాటిని అలంకారమనుకుంటారు, వాటిపైనే సామాను పెట్టుకుని నిలబడతారు.

ఆస్ట్రేలియా కూడళ్ళలో రోడ్డు దాటే చోట ఒక మీట ఉంటుంది. దానిపై అరచేయి పెడితే లోపలి నుంచి అదురు తెలుస్తుంది. ఆగవలసినప్పుడు నెమ్మదిగా, దాటవచ్చునన్నప్పుడు వేగంగా కొట్టుకుంటుంది. వీధిలో రొద పెరిగితే అది చేసే శబ్దం తనంతట తానే పెరుగుతుంది, రొద తగ్గితే తగ్గుతుంది. బ్రిటన్‌లో అటువంటి పెట్టె అడుగున చిన్న శంకువు ఉంటుంది. దాటవచ్చునన్నప్పుడు అది వేళ్ళ కింద తిరుగుతుంది. చెవీ కన్నూ రెండూ లేనివారికి కూడా అది పనికి వస్తుంది.

బస్సు విషయంలోనూ ఇటువంటి ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. ఢిల్లీ ఐఐటీ వారి 'ఆన్‌బోర్డ్' అనే ఏర్పాటులో ప్రయాణికుని చేతిలో ఒక చిన్న పరికరం, బస్సులో మరొకటి ఉంటాయి. మీట నొక్కగానే సమీపంలోని బస్సు తన నంబరు పలుకుతుంది. ఎక్కదలచుకుంటే తలుపు దగ్గరి నుంచి శబ్దం వస్తుంది, ఆ శబ్దం వెంట పోతే తలుపు దొరుకుతుంది. స్టేషన్లలోనూ ఆసుపత్రులలోనూ గోడలకు బ్లూటూత్ బీకన్లు అనే చిన్న పెట్టెలు అమర్చే పద్ధతి కూడా ఉంది. ఉపగ్రహ సంకేతం అందని చోట అవి ఫోనుకు ఆనవాలు ఇస్తాయి. ఫోను దాన్ని మణికట్టుకో పాదానికో అదురుగా అందిస్తుంది.

మన ఎర్రనేలల దారిలో

ఇక మా విద్యార్థి ప్రయాణాన్ని ఊహించండి. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. నల్లగొండ నుంచి పోయే అంధ విద్యార్థికీ దాదాపు అంతే దూరం. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. అక్కడికి చేరితే పాదానికి పలకలు దొరుకుతాయి. మరి బయలుదేరే చోట? మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరగాని, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరగాని కళ్ళు మూసుకుని పది అడుగులు వేసి చూడండి. ప్రయాణంలో అతి కష్టమైన భాగం ఆ వంద కిలోమీటర్లలో లేదని అర్థమవుతుంది. ఇంటి గుమ్మానికీ బస్సు మెట్టుకూ మధ్య ఉన్న ఆ కొద్ది దూరమే కష్టం.

ఆశ కలిగించే సంగతి కూడా ఉంది. మన ఆర్టీసీ 2023 ఆగస్టులో 'గమ్యం' యాప్ తెచ్చింది. బస్సు ఎక్కడ ఉందో ఫోనులో తెలుస్తుంది. తానెక్కడున్నదీ ఫోనుకు చెప్పగలిగిన బస్సు, తన నంబరునూ తలుపునూ పాదానికి చెప్పడం అసాధ్యమేమీ కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు లోపం గలవారు సుమారు 50 లక్షలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, ప్రజలు వాడే కట్టడాలను అయిదేళ్ళలోగా అందరికీ అందుబాటులోకి తేవాలని గడువు విధించింది. గడువు గడిచింది, చాలా మెట్లు అలాగే ఉన్నాయి. రాజీవ్ రతూరి అనే చూపు లేని న్యాయ కార్యకర్త వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు ఇచ్చింది. ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోరాదని, తప్పక పాటించవలసిన నియమాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన పరిశీలన నివేదికను సమర్పించింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. అంటే అడగడానికి మన చేతిలో హక్కు ఉంది. మున్సిపాలిటీకి, ఆర్టీసీకి వినతిపత్రం రాసేటప్పుడు దయ కోరవలసిన పనిలేదు, చట్టాన్ని గుర్తుచేస్తే చాలు.

అడిగేటప్పుడు మరో జాగ్రత్త కూడా అవసరం. పలికే చోటు వినే చోటు కూడా అవుతుంది. ఎవరు ఎప్పుడు ఎటు నడిచారో అది భద్రపరచగలదు. మనిషి రాకపోకల వివరం ఒక అమానతు. దాన్ని ఎవరు ఎంతకాలం ఉంచుకుంటారో అడిగే అధికారం మనకుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇందుకోసమే వచ్చింది. యాప్ ఆగిపోయిన రోజున యంత్రం మూగబోతుందన్న సంగతీ మరువరాదు. రాతిలో చెక్కిన గీతకు బ్యాటరీ అక్కరలేదు.

బాటకు హక్కు ఉంది

బాటకు దాని హక్కు ఇవ్వాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. దారి నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడాన్ని ఆయన (స) విశ్వాసపు శాఖలలో ఒకటిగా లెక్కించారు. చూపు తక్కువైనవారికి దారి చూపడం సదఖా అని బోధించారు. మనం ఈ హదీసులను జుమా ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాము.

హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి)కు చూపు మందగించింది. వానలు పడితే ఇంటికీ మస్జిద్‌కూ మధ్య వాగు పారేది, దాటలేకపోయేవారు. ఆయన తన కష్టం విన్నవించుకోగా దైవప్రవక్త (స) స్వయంగా నడిచి ఆయన ఇంటికి వెళ్ళి అక్కడ నమాజు చేశారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) చూపు లేని సహాబీ. ఆయన మదీనాలో అజాన్ ఇచ్చేవారు. దైవప్రవక్త (స) ప్రయాణంలో ఉన్నప్పుడు పలుమార్లు మదీనా బాధ్యత ఆయనకే అప్పగించారు. తెల్లవారిందని ఇతరులు చెబితేనే ఆయన ఫజ్ర్ అజాన్ పలికేవారని హదీసులో ఉంది. అంటే ఊరు ఆయనకు సమయం చెప్పేది, ఆయన ఊరిని నిద్ర లేపేవారు.

ఉమవీ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ తన పాలనలో ప్రతి అంధునికీ ఒక మార్గదర్శిని ఏర్పాటు చేసినట్లు చరిత్రకారుడు తబరీ రాశారు. దారి చూపేవారు లేని అంధునికి జమాఅత్ విషయంలో సడలింపు ఉందని ఫుఖహాలు చెప్పారు. ఆ సడలింపు అతనికి అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యం. దాన్ని చూపి దారిని బాగుచేయకుండా కూర్చోవడానికి అది మనకిచ్చిన సెలవు కాదు.

కళ్ళకు గంతలతో నూరు అడుగులు

ఇదంతా చదివిన తరువాత మేము ఆ విద్యార్థిని పిలిచి, "నీవు దారి చూపు, మేము వస్తాము" అన్నాము. రుమాలుతో కళ్ళు కట్టుకుని అతని భుజంపై చేయి వేశాము. హాస్టల్ నుంచి మస్జిద్ వరకు సుమారు నూరు అడుగులు. మొదట వజూ ఖానా నుంచి పారే నీళ్ళలో మా కాలు జారింది. తరువాత మైకు స్తంభానికి కట్టిన తీగ మా నుదుటికి తగిలింది. వాలుగా కట్టిన సిమెంటు దారిలో అతను హఠాత్తుగా ఆగి, "ఇక్కడ రోజూ ఒక బండి ఉంటుంది హజ్రత్, పక్కకు తిరగాలి" అన్నాడు. మేము చేయి చాచి తడిమాము. హ్యాండిల్‌కు చుట్టిన గుడ్డ చేతికి తగలగానే తెలిసింది, అది మా స్కూటరే. చివరికి మస్జిద్ మెట్ల దగ్గర చెప్పుల కుప్పలో ఇద్దరమూ తట్టుకున్నాము.

ఇన్నేళ్ళుగా దారి హక్కు గురించిన హదీసు బోధించిన మేము, ఆ విద్యార్థి దారిలోనే బండి నిలుపుతూ వచ్చాము. అతను ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. అది మమ్మల్ని మరింత సిగ్గుపరచింది.

ఆ వారంలోనే స్కూటరు స్థలం మారింది. తీగను పైకి ఎత్తి కట్టించాము. చెప్పులకు గోడ పక్కన అరలు పెట్టించాము. వజూ నీళ్ళకు గొట్టం వేయించాము. ఒక మేస్త్రీని పిలిచి, షాబాద్ బండలపై నిలువు గీతలు చెక్కించి, గుమ్మం నుంచి మస్జిద్ దాకా ఒక వరుస పరిపించాము. మెట్లకు ముందు గుంటలు చెక్కిన బండ ఒకటి వేయించాము. గీతలు తగిలితే నడవాలి, గుంటలు తగిలితే ఆగాలి. ఒకాయామాలో పరచిన పలకలకు ఇది పేదింటి బంధువు.

మీ ఇంట్లోనూ ఈ పని మొదలుపెట్టవచ్చు. చూపు తగ్గిన నానమ్మ తిరిగే దారిలో బిందె పెట్టకండి. గడప దగ్గర గరుకు పట్టా ఒకటి అంటించండి. చెవి వినబడని తాతయ్యకు సహరీ వేళ దిండు కింద అదిరే అలారం పెట్టండి. పిల్లలు స్టేషన్‌లో గీతల పలకలపై నిలబడితే పక్కకు జరిపి, ఎందుకో చెప్పండి. మీ మస్జిద్ కమిటీ ఈసారి సమావేశమైనప్పుడు కళ్ళు కట్టుకుని గేటు నుంచి మిహ్రాబ్ దాకా ఒకసారి నడవమనండి.

మా విద్యార్థికి ఇచ్చిన జవాబు ఇది: "బాబూ, బూట్లు ఉన్నా నీవు ఇప్పుడే ఒంటరిగా బస్టాండుకు పోలేవు. లోపం నీ పాదంలో లేదు, మా బాటలో ఉంది. ముందు నూరు అడుగులు బాగుచేశాము. మిగతా దారి కోసం వినతిపత్రం రాస్తున్నాము. దాన్ని నీవే చెప్పు, మేము రాస్తాము." అతను చాలాసేపు చెప్పాడు, మేము రాశాము. మాకు తోచని అడ్డంకులు అందులో ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు ఫజ్ర్ వేళ అతను ఒక్కడే వస్తున్నాడు. చీకట్లో బండల మీద కర్ర చప్పుడు వినబడుతుంది. మెట్ల ముందు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వినబడుతుంది. భుజం అరువిచ్చే ఆ చిన్న పిల్లవాణ్ణి మాత్రం మేము వెళ్ళి లేపవలసి వస్తున్నది.

నడిచేవారి పాదాలకు బదులు పలికే బాటలను మన చేతులతో వేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.